శనక్కాయలతో లెక్కలు, సీసాలో పొదుపు

వారానికి ఇంత అని చేతిఖర్చు ఇచ్చి పిల్లలకు పొదుపు నేర్పమని పట్టణాల్లో చెబుతుంటారు. నెలజీతం వచ్చే ఇంటికి ఆ సలహా సరిపోతుంది. బెళుగుప్ప వంటి చోట మెట్టసేద్యాన్ని నమ్ముకున్న ఇంటికి డబ్బు నెలనెలా రాదు. జూన్, జూలైలలో వాన పడితే శనక్కాయ విత్తుతారు, అక్టోబరు, నవంబరులలో కాయ ఇంటికి చేరుతుంది. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్న జిల్లా ఇది. ఒకసారి వచ్చిన డబ్బుతో పన్నెండు నెలలు గడవాలి. మన బిడ్డలకు నేర్పవలసిన పొదుపు ఇదే, కాబట్టి పాఠం కూడా మన కళ్లంలోనే మొదలుపెడదాం.

నాలుగైదేళ్ల బిడ్డ ముందు గుప్పెడు కాయలు పోయండి. ఒంటిగింజవి, రెండు గింజలవి, మూడు గింజలవి వేరు చేయమనండి. రెండు గింజల కాయలు పది వలిస్తే ఎన్ని పప్పులొస్తాయో ముందే చెప్పించి, తర్వాత వలిచి చూపండి. రెండో ఎక్కం నోటికి రాకముందే చేతికి వస్తుంది. ధాన్యం కొలిచే పెద్దలు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెడతారని కూడా చెప్పండి, పిల్లలు నవ్వుకుంటూ గుర్తుంచుకుంటారు. చింతగింజలతో ఆడే వామనగుంటలకు మించిన లెక్కల పుస్తకం చిన్నవయసులో లేదని మా అభిప్రాయం.

ఐగుప్తులో యోసేపు ఏడు మంచి సంవత్సరాల పంటలో ఐదవ భాగం దాచించాడు. సండేస్కూలు పిల్లలకు ఈ కథ తెలుసు, ఐదవ భాగమంటే ఎంతో తెలియదు. నాలుగు కాయలు తినడానికి, ఒకటి విత్తనానికి అని వారి చేతనే కుప్పలు పెట్టించండి.

డబ్బు దాచడానికి మట్టి హుండీ కన్నా గాజుసీసా మేలు. నాణేలు పెరగడం బిడ్డకు కనబడుతుంది. చెప్పుల ధర 120 రూపాయలు, సీసాలో ఉన్నది 45, ఇంకెంత కావాలి? తీసివేతకు ఇంతకన్నా మంచి లెక్క ఎక్కడుంది!

ఇక కష్టమైన మాట. కరువు ఏడాది వస్తే తలిదండ్రుల చెయ్యి ముందు ఆ సీసా మీదికే పోతుంది. ఆకలిగొన్న ఇంట్లో అది తప్పని మేము అనం. అయితే బిడ్డను అడిగి తీసుకోండి, ఎంత తీసుకున్నారో గోడమీద క్యాలెండరులో వ్రాయండి, పంట వచ్చాక ఆ బిడ్డ చేతనే లెక్క చూపించి తిరిగి వేయండి. అడగకుండా తీస్తే బిడ్డ నేర్చుకునేది ఒక్కటే: దాచింది మనది కాదు, ఈ రోజే ఖర్చు పెట్టేయాలి అని.

పదేళ్లు దాటిన బిడ్డకు వడ్డీ లెక్క చెప్పండి. నూటికి రెండు రూపాయలంటే చిన్నదిగా వినబడుతుంది. 10,000 అప్పుకు నెలకు 200, ఏడాదికి 2,400. మహిళా సంఘాలకు 2004లో వచ్చిన పావలా వడ్డీ ప్రకారమైతే ఏడాదికి 300. పావలా నాణెం 2011లో చెల్లకుండా పోయినా ఈ తేడా మాత్రం బిడ్డలకు తెలియాలి.

పదేళ్లలోపు ఆడబిడ్డకు 2015లో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతా ఉంది, ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాలి. పది నిండినవారు పోస్టాఫీసులో తమ పేరనే పొదుపు ఖాతా తెరవవచ్చు, 500 రూపాయలు కావాలి. ఆ రోజు ఫారం మీరు నింపకండి. అంకెల్లోనూ అక్షరాల్లోనూ బిడ్డనే వ్రాయనివ్వండి.