కొత్త ట్రాక్టరుకి తొలి 50 గంటలు

మనింటికి చిన్న ట్రాక్టరు రావడం మంచిదైందిరా మనవడా. మన ఉద్దానంలో కొబ్బరి చెట్ల మధ్య, జీడికొమ్మల కింద దూరి దున్నాలంటే ఈ 15 హార్స్‌పవర్ బండే నయం. మీటరు మీద 50 గంటలు పడగానే తొలి సర్వీసు చేయించమన్నారు కదా, అదెందుకో చెప్తాను, విను.

ఇంజన్‌లో పిస్టన్ ఆడే గొట్టాన్ని లైనర్ అంటారు. దాని లోపలివైపు కంపెనీవాళ్లు కావాలనే ఏటవాలుగా సన్నని గీతలు పెడతారు, వాటిలో ఆయిల్ నిలవాలని. పిస్టన్ రింగులు ఆ గీతల మొనల్ని అరగదీస్తూ, తామూ అరుగుతూ లైనర్‌కి కుదురుకుంటాయి. ఆ ఇనుప పొడంతా ఆయిల్‌లోకే దిగుతుంది. గంట్లు కొట్టించిన రుబ్బురోట్లో తొలిసారి రుబ్బింది మీ మామ్మ పారబోసేది, రాతిపొడి ఉంటుందని. తొలి ఆయిల్ సంగతీ అంతే.

అలాగని బండిని నీడన పెట్టి గంటల తరబడి ఊరికే ఆడించకు. డీజిల్ మండినప్పుడు పుట్టే గ్యాసు రింగుల వెనక్కి చేరి వాటిని లైనర్‌కేసి నొక్కుతుంది. పని లేకపోతే ఆ ఒత్తిడి చాలదు, రింగులు కుదురుకోవు. ఆ తర్వాత బండి ఎప్పటికీ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మొదట్లోనే దమ్ములో దించి శక్తికి మించి లాగించడమూ తప్పే. మధ్యరకం పని చెప్పు, వేగం మారుస్తూ ఉండు.

ఆయిల్ దించే ముందు కాసేపు నడుపు. వేడికి ఆయిల్ పలచబడి, పొడి అడుగున పేరుకోకుండా దాంతోపాటే వచ్చేస్తుంది. చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, అప్పుడు పానా పట్టుకో. దించిన ఆయిల్ చుక్క తెల్లగుడ్డ మీద రాసి ఎండలో చూడు, సన్నగా తళుక్కుమంటుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆయిల్‌లో ముంచి తీస్తే నల్లటి నూగు అంటుకుని వస్తుంది. అది మామూలే. గోటికి తగిలే పలుకులు కనబడితే మాత్రం బండి కదపకుండా మెకానిక్‌ని పిలు. ఆయిల్ దించినప్పుడే ఫిల్టరు కూడా మార్చాలి.

మన నేలకి ఇంకో జాగ్రత్త కావాలి. శ్రీకాకుళం తీరపు ఇసుకలో క్వార్ట్‌జ్‌తోపాటు గార్నెట్ ఉంటుంది, సానపట్టడానికి వాడే రాయి అది. రెండూ లైనర్ ఇనుముకన్నా గట్టివి. ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోకుండా ఆపేది ఎయిర్ క్లీనరే. ఆయిల్ గిన్నె ఉన్న క్లీనర్లో లోపలికొచ్చే గాలి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక ఆయిల్‌లో పడుతుంది. గిన్నెలో బురద పేరుకుందా, ఆయిల్ గీత దాకా ఉందా అని దుక్కి రోజుల్లో రోజూ చూడాల్సిందే. నేనైతే అన్నిటికన్నా ముందు చూసేది ఇదే.

చక్రాల నట్లు కూడా బిగించు. కొత్త బండికి నట్ల కింద పెయింటు నలిగి పట్టు సడలుతుంది. వరి ఉభాలప్పుడు టైర్లు తీసి ఇనుప కేజ్ వీల్స్ వేస్తే మళ్లీ కొంత నడిపాక బిగించాలి.

దించిన ఆయిల్ కాలవలో పోయకు. నీటిమీద పొరగా పరుచుకుని కింది చేపలకి గాలి అందనివ్వదు. డబ్బాలో పోసి సర్వీసువాళ్లకిచ్చెయ్. ఉచిత సర్వీసు కూపన్ మీద గంటలు రాయించుకో, వారంటీ అడిగేనాడు వాళ్లు చూసేది ఆ కాగితమే.