చర్చికప్పు మీద ఎండపంట

సూర్యుని పేరు వినగానే ఇతర సీమలవారికి దోసిలి యొగ్గుట తోచును. అనంతపురం వారికి ముందుగా నుదుటి చెమట తుడుచుకొనుట తోచును. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమిలో అది నింద కాదు, అనుభవము. నైరుతి పవనములు పడమటి కనుమలపై బరువు దించుకొని రిక్తహస్తములతో ఇటు వచ్చును. వేరుసెనగ రైతు మబ్బుకై ఎదురు చూచుచుండగా ఎండ మాత్రము లోటు లేక కాయును. ఆ ఎండనే పంటగా కోసికొనవచ్చునన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. ఆ పంటకు పొలమేది అన్నదే ప్రశ్న.

కదిరి ప్రాంతమున నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కును తలపెట్టి, అందు 250 మెగావాట్లను ఎన్.టి.పి.సి. వారు 2016లో నెలకొల్పినారు. (2022 విభజనతో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది.) మెగావాటుకు రమారమి అయిదెకరముల నేల కావలెను. సాగులోనున్న భూములు సైతము పోయినవనియు, పట్టా లేనివారికి పరిహారము దక్కలేదనియు అచ్చటి రైతులు మొరపెట్టుకొన్నారు. ఇంటికప్పు, బడికప్పు, గుడికప్పు అట్టివి కావు; అవి ఎవరి పొట్టయు కొట్టవు. నా మట్టుకు కప్పులు నిండిన పిమ్మటనే పొలముల జోలికి పోవలెననిపించును.

దైవమందిరములకు ఇది క్రొత్త మార్గమును కాదు. తిరుమలలో దినమునకు 15,000 మందికి వంట చేయుటకు ఎండతో ఆవిరి పుట్టించు దర్పణములను 2002లోనే అమర్చినారు. 2008లో వాటికన్ నగరమున పోపు దర్శనమిచ్చు సభాభవనము కప్పుపై 2,400 సౌరఫలకములు వెలసినవి. 2015లో పోపు ఫ్రాన్సిస్, భూమిని మనయందరి ఇల్లుగా కాపాడుకొనుడని ఒక సుదీర్ఘలేఖయే వ్రాసినారు.

ఇక లండన్ మిషన్ వారు పనిచేసిన గుత్తి, అనంతపురం వంటి మన ఊళ్ల సంగతి చూతము. పూర్వాచారము ననుసరించి బలిపీఠమును తూర్పున నిలిపి కట్టిన చర్చి తూర్పుపడమరలుగా సాగును. అప్పుడు రెండువైపుల వాలిన కప్పులో ఒక వాలు తప్పక దక్షిణముఖమగును. ఫలకములకు కావలసినది అదియే. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్నది. మే మొదలు ఆగస్టు రెండవ వారము దాక తప్ప, మధ్యాహ్న సూర్యుడు మనకు దక్షిణముగనే ఉండును. బడి ఆవరణలో నిట్రాట పాతించి, ఆగస్టు 12 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము దాని నీడ మాయమగుటను ఉపాధ్యాయులు పిల్లలకు చూపవచ్చును.

గంటగోపురమే చిక్కు. ఫలకములోని కణములు గొలుసువలె కూర్చబడినవి. ఒకదానిపై నీడ పడిన తక్కినవాని ప్రవాహమును అడ్డగించును. కావున గోపురపు నీడ ఏ వేళ ఎంతవరకు ప్రాకునో గుర్తించుకొనవలెను. పాత కట్టడమైనచో దూలములు బరువు మోయునో లేదో ముందే వడ్రంగికిని ఇంజనీరుకును చూపవలెను.

చర్చి నిండుగానుండునది ఆదివారమే. సూర్యునికి ఆ వారభేదము లేదు. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల చోటు చాలును. పది కిలోవాట్ల ఫలకములు ఏడాదికి దాదాపు 14,000 యూనిట్లిచ్చును. ప్రార్థనవేళ పంకాలకు, దీపములకు, మైకులకు పోగా మిగిలినది తీగల వెంట ఊరిలోనికి పోవును. రానుపోను లెక్కను నెట్ మీటరు చూచుకొనును. మన దేశమున యూనిట్ విద్యుత్తునకు సగటున 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది. ఆ లెక్కన ఈ ఒక్క కప్పు ఏటా పది టన్నుల దాక తప్పించును. అందు చాల భాగము చర్చి లెక్కకు గాక ఇరుగుపొరుగు దీపముల లెక్కకు చెందును. నాకు నచ్చినది అదియే.

అయితే ఫలకము కోరునది వెలుతురు, వేడిమి కాదు. 25 డిగ్రీలు దాటిన పిమ్మట ఒక్కొక్క డిగ్రీకి వేయింట మూడు నాలుగు పాళ్ల శక్తి తగ్గును. మన వేసవిలో ఫలకము అరువది డిగ్రీలకు కాగుట వింత కాదు. అందుచే కప్పునకు అంటించక, అడుగున గాలి ఆడునట్లు ఎత్తుగా బిగింపవలెను. దుమ్ము మరియొక బెడద. కడిగినగాని అది పోదందురు. బిందె నీటికి వరుసలో నిలుచు ఊరిలో ఆ మాట ఎట్లు చెల్లును? తెల్లవారుజామున మెత్తని కుంచెతో పొడిగా తుడిచిన చాలవరకు పోవును. నీరు పోయవలసివచ్చిన, ఆ నీటిని చూరుక్రింద తొట్టిలో పట్టి చెట్ల పాదులకు మరల్పవచ్చును.