ఇంటి ఆడియో విషయమున ఆప్తులెవరు?

మిరప పంట సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట కల్లూరు నుండి సత్తుపల్లికో, ఖమ్మమునకో పోయి, ఇంటిల్లిపాదియు కూర్చుండి పాటలు వినుటకు ఒక హోమ్ థియేటరు కొనవలెనని తలంచు గృహస్థునకు నాలుగు నోళ్లు ఒక్కసారిగా సలహా చెప్పును: అట్టపెట్టె మీది వేలకొలది వాట్ల అంకె యొకటి, దుకాణదారుని వాగ్ధోరణి యొకటి, సెల్‌ఫోను వీడియోలో అపరిచితుడు చేయు ప్రశంస యొకటి, నిరుడు అట్టిదే కొన్న బావమరిది సిఫారసు మరియొకటి. వీనిలో దేనిని నమ్మవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. అది ఒక పంటకాలపు కష్టార్జితమునకు సంబంధించినది.

మన న్యాయశాస్త్రము ఈ ప్రశ్నను ఏనాడో విచారించినది. ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని గౌతముడు సూత్రీకరింపగా, వస్తుతత్త్వమును స్వయముగా నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పనిచ్చగించువాడే ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యనియు భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించెను. పీఠమును బట్టి కాక, ఎరుకను బట్టియు చిత్తశుద్ధిని బట్టియు ఆప్తత్వము సిద్ధించునన్నమాట. ఆడియో గూర్చి నేర్చుకొన గోరువారికి ఇంతకంటె పనికివచ్చు కొలబద్దను నేనెరుగను.

మొదట అట్టపెట్టెనే పరీక్షింతము. పీ.ఎం.పీ.ఓ. అని పెద్దయక్షరములతో చూపు అంకె, యంత్రము క్షణమాత్రము వెలువరింపగలదని ఊహించిన శక్తికి కట్టిన లెక్క. దానిని కొలుచుటకు అందఱంగీకరించిన పద్ధతి యేదియు లేదు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకె నిలకడగా ఈయగల శక్తిని తెలుపును గనుక దానికి విలువ కలదు. అమెరికాలో ఇట్టి అతిశయోక్తులు మితిమీరినందుననే అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్లిఫయర్ల వాట్లను ఏ రీతిని కొలిచి ప్రకటింపవలెనో నియమము చేసినది. అయినను వాట్లే సర్వస్వము కావు. శక్తి రెండింతలైనచో ధ్వని పెరుగునది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచుటకు ఇంచుమించు పదింతల శక్తి వలయును. ఒక వాటు శక్తితో, ఒక మీటరు దూరమున, 90 డెసిబెళ్లు పలుకు స్పీకరు, 84 డెసిబెళ్లు పలుకు దానికి కావలసిన శక్తిలో నాల్గవవంతుతోనే అంత బిగ్గరగా పలుకును. ఈ అంకెను అచ్చువేయించిన తయారీదారు కొంత నమ్మదగినవాడు. ఇక భారతీయ ప్రమాణముల సంస్థ వారి గుర్తు షాకు కొట్టకుండుటకును, నిప్పంటుకొనకుండుటకును పూచీ యేగాని, పాట మాధుర్యమునకు కాదు.

గ్రంథములలో కళాశాల ధ్వనిశాస్త్ర పాఠ్యగ్రంథమే ప్రథమగురువు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ భౌతికశాస్త్రమును మన భాషలోనే అందించినది, దానికి అమ్ముకొనవలసిన స్పీకరేదియు లేదు. 50 హెర్ట్జుల మంద్రధ్వని తరంగపు పొడవు దాదాపు 7 మీటర్లనియు, అది మన గదుల పొడవునే మించుననియు ఆ శాస్త్రమువలననే తెలియును. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాట స్పష్టముగ వినబడకపోవుటకు కారణము వెదక 1895లో పూనుకొన్న వాలెస్ సబైన్, పక్క నాటకశాల నుండి మెత్తలను రాత్రివేళల మోయించి తెచ్చి పరచి, అనురణనము గది పరిమాణము మీదను, ధ్వనిని పీల్చు వస్తువుల మీదను ఆధారపడునని కనుగొనెను. సిమెంటు గోడలు, గచ్చునేల గల మన ముందుగదిలో ఒక బొంతయు, ఒక దళసరి తెరయు చేయు మేలును ఖరీదైన తీగ చేయజాలదు.

కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అను శాస్త్రజ్ఞుడు స్పీకర్లను శ్రోతల కంటబడకుండ మఱుగుపఱచి వినిపింపగా, అధికసంఖ్యాకులు ఒడుదొడుకులు లేక సమముగ పలుకు వానినే మెచ్చుకొనిరి; పిదప ఆయన తోటివారితో కూడి పరీక్షించినపుడు, కంటితో చూచుచు వినునప్పటి మెప్పు వేఱుగ నుండెను. ఆయన స్పీకర్ల తయారీ సంస్థలో కూడ కొలువు చేసెను. అయినను ఆయన మాట ఆప్తవాక్యమేల? కొలిచిన పద్ధతిని యావత్తు ప్రకటించినందున, ఇతరులు దానిని తిరిగి పరీక్షింపగలరు. కొలత చూపని పొగడ్త ఎంత రమణీయమైనను ఈ పంక్తిలో కూర్చుండదు.

ఊరి మెకానిక్కును మరువరాదు. ఆంప్లిఫయరు మూత విప్పి, ఏ సరకు ఏడాది తిరుగకుండ తన బల్లమీదికి వచ్చుచున్నదో ఎరిగినవాడు వాత్స్యాయనుని లక్షణమునకు చక్కగ సరిపోవును. అయితే మైకుసెట్ల పనిలో పండిన చెవి బయలునకు అలవాటుపడినది. మన్నికను గూర్చి అతనిని అడుగుట మేలు, గదిలోని సొంపును గూర్చి స్వయముగ వినుట మేలు.

అట్లు వినుటకు ఈ సీమవారికి సాధనసంపత్తి కొదవలేదు. భద్రాద్రి రాముని కల్యాణమును ఆకాశవాణిలో కన్నులకు కట్టించిన ఉషశ్రీ కంఠమును, నేలకొండపల్లిలో జన్మించిన రామదాసు కీర్తనలను గానము చేసిన బాలమురళీకృష్ణ కంఠమును ఎరుగని యిల్లు ఇచట అరుదు. అవి పాత ముద్రణలగుటచే మంద్రధ్వనిని పరీక్షింప చాలవు గాని, మనుష్యకంఠమునకు అవియే ఒరగల్లు: గొంతు ఉబ్బి పీపాలోనుండి వచ్చినట్లున్నచో, సకారము చెవిని గీరినచో దోషము వెంటనే పట్టుబడును. మంద్రమునకు నవీనముద్రణలోని మృదంగమును వినవలెను. విశాఖపట్టణమున బాల్యము గడపిన సి.వి. రామన్, మృదంగపు నల్లని మందుపూత వలన దాని ఉపస్వరములు శ్రుతిబద్ధములగుచున్నవని 1920లో నిరూపించెను. నాసిరకపు ఊఫరు ఆ శ్రుతిని మ్రింగి వట్టి దడదడ మిగుల్చును. గుడిలో మైకు లేక మ్రోగు మృదంగమును, నాదస్వరమును అప్పుడప్పుడు విన్నవానికి ఈ భేదము ఎవరును చెప్పనక్కఱలేదు.

దుకాణమున రెండు యంత్రములను పోల్చునపుడు రెంటి బిగ్గఱతనమును సమముగ చేయించవలెను. కించిత్తు బిగ్గరగ మ్రోగునదే మేలైనదని చెవి భ్రమించును. ఈ సంగతి తెలిసియే కొందఱు విక్రేతలు తాము అమ్మదలచిన దానిని ఒక మెట్టు హెచ్చించి వినిపింతురు. కూర్చున్న చోటనే సెల్‌ఫోనులోని ధ్వనిమాపకమును తెరచి రెండు మారులు కొలిచినచో చాలును.