శ్వాసకోశములలోని పలుచని పొర

ఫాల్గుణమాసమున ఆర్మూరు నుండి పోచంపాడు వచ్చు త్రోవలో పసుపు కల్లములను చూడనివారు మనలో నుండరు. ఉడికించి యెండబెట్టిన కొమ్ములను పీపాలో వేసి త్రిప్పునపుడు పచ్చని ధూళి లేచును. "పసుపు ఔషధమే గదా, దాని దుమ్ము మనల నేమి చేయును?" అని యొక విద్యార్థి మమ్మడిగెను.

ఇందుకు బదులు చెప్పుటకు ముందు ఊపిరితిత్తుల లోపలిని చూడవలెను. అచ్చట 30 కోట్లకు పైగా చిన్న గాలిగదులున్నవి. వాని గోడలు తడిగా నుండును. చేమాకు మీద నీటిబొట్టు గుండ్రముగా ముడుచుకొనునట్లే, ఆ తడియు గదిని లోనికి ముడువజూచును. ఊపిరి విడిచినప్పుడెల్ల గదులు మూతపడకుండ కాపాడునది తడిపై పరచుకొనియుండు సర్ఫాక్టెంటు అను పొర. అందు నూటికి సుమారు 90 పాళ్లు క్రొవ్వుజాతి పదార్థములు, తక్కినవి ప్రోటీనులు.

నెలలు నిండక పుట్టి ఊపిరాడక మరణించిన శిశువులలో నీ పొర కొరవడెనని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనువారు తెలిపిరి. 1963లో ప్రెసిడెంటు కెన్నెడీ కుమారుడు ఈ వ్యాధితోనే 39 గంటలకు గతించెను. 1980లో జపానులో ఫుజివారా అను వైద్యుడు ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన పదార్థముతో అట్టి శిశువులకు చికిత్స చేసి ఫలమును పొందెను. నేడది వాడుకలోనున్న వైద్యము.

ఈ పొరలోని ముఖ్య ప్రోటీనులు నాలుగు. బి, సి అనునవి పొర చక్కగా పరచుకొనుటకు తోడ్పడును. ఏ, డి అనునవి కావలివాండ్రు. లోనికి వచ్చిన క్రిములను పట్టి, వానిని మ్రింగు కణముల కప్పగించును. మాకు మిక్కిలి వింతగా తోచినది డి ప్రోటీను. పొగ త్రాగువారి ఊపిరితిత్తులలో నిది తగ్గును, రక్తములో హెచ్చును. గట్టు బీటలువారిన చెరువు నీరు ప్రక్క పొలములోనికి ఊరినట్లు, గాయపడిన గదుల నుండి యిది రక్తములోనికి కారును. కావుననే దీర్ఘకాలిక శ్వాసరోగమునకు దీనిని గుర్తుగా గైకొనవచ్చునా యని పరిశోధకులు చూచుచున్నారు. గుండెజబ్బు గలవారిలో దీని హెచ్చు మరణభయమును సూచించెనని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి. అయినను దీని నొక్కదానినే చూచి రోగమును నిర్ణయింప వలనుపడదు.

రోగకారణములు మాత్రము మన యిండ్లలోనే యున్నవి. బీడీ పొగ మొదటిది. కట్టెలపొయ్యి పొగ తల్లులను, వారి యొడిలోని బిడ్డలను బాధించును. ఈ జిల్లాలో బీడీలు చుట్టి కుటుంబమును పోషించు స్త్రీ లనేకులు గలరు; వారు పీల్చునది పొగాకు దుమ్ము. ఆ కూలిని మానుమనుట మాకు న్యాయముగా తోచదు. గాలి యాడు వసారాలో కూర్చుండి చుట్టుమని మాత్రము చెప్పగలము.

ఇక పసుపు దుమ్ము. ముతకదానిని ముక్కును, గాలిగొట్టమును చాలవరకు ఆపును. మిక్కిలి సన్ననిది గదుల దాక పోవును. ఔషధమైనను అచ్చట అది ధూళియే. పీపా త్రిప్పునపుడు గాలి వచ్చు వైపున నిలిచి, ముక్కునకు గుడ్డ కట్టుకొనుమని ఆ బాలునితో చెప్పితిమి. బీడీ మాట యాతని తండ్రితో మేమే చెప్పవలసియున్నది.