మీకు తెలుసా? ఇంటిపేరు ఒకటే, మాట కలవదు!

ఉపగ్రహ సమాచారాన్ని దాచే హెచ్‌డీఎఫ్ ఫైళ్లలో రెండు వంశాలున్నాయి. పాతది హెచ్‌డీఎఫ్4, కొత్తది హెచ్‌డీఎఫ్5. ఇంటిపేరు ఒకటే గానీ, హెచ్‌డీఎఫ్5 కోసం రాసిన లైబ్రరీ (ఫైళ్లను చదివి, రాసే సాఫ్ట్‌వేర్) హెచ్‌డీఎఫ్4 ఫైలును తెరవలేదు.

కారణం ఉంది. నాలుగులో ఫైలు 2 గిగాబైట్లు దాటకూడదు, 20 వేలకు మించి అంశాలు పట్టవు. పాత కొంపకు మరమ్మతుల కన్నా కొత్త ఇల్లే నయమనుకున్నారు. 1998లో ఐదు వచ్చింది. అయినా, మరుసటి ఏడాది నాసా ప్రయోగించిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం సమాచారం పాత ఇంట్లోనే చేరింది! 2016లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఇన్సాట్-3డీఆర్ చిత్రాలేమో ఐదులో వస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండు లైబ్రరీలూ కావాలి, లేదా ఒకదాన్ని మార్చుకోవాలి.

ఐదులోనూ పేచీ తప్పలేదు. 2016 నాటి లైబ్రరీ 1.10 వెర్షన్ కొత్త హంగులతో రాసిన ఫైళ్లను అంతకుముందటి 1.8 వెర్షన్ చదవలేదు. అందుకే మనం ప్రత్యేకంగా చెప్పకపోతే లైబ్రరీ పాత పద్ధతిలోనే రాస్తుంది.

ఫైలు ఏ వంశానిదో అనుమానమా? మొదటి బైట్లు చూడండి. మామూలుగా ఐదులో రెండో బైటు నుంచి హెచ్, డీ, ఎఫ్ అక్షరాలు కనిపిస్తాయి.