కబురు, కబుర్లు: మంచు తుఫాను నిరీక్షణలో పిచ్చాపాటి సంభాషణ

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘కబురు’ అన్న మాటకు ఏకవచనంలో ఒక అర్థం, బహువచనంలో ప్రధానంగా మరొక అర్థం స్థిరపడ్డాయి. ‘కబురు పంపాడు’ అంటే సమాచారం చేరవేశాడని అర్థం. ‘కబుర్లు చెప్పుకున్నారు’ అంటే సమాచారంతో పెద్దగా నిమిత్తం లేకుండా మాటలతో పొద్దుపుచ్చారని అర్థం. అరబ్బీ ‘ఖబర్’ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, బహువచన ప్రత్యయం చేరగానే ప్రయోజనాన్ని మార్చుకొంది. సంభాషణకు సమాచారం ఇవ్వడం ఒక పని, సాంగత్యం నిలపడం మరొక పని అనే భేదాన్ని భాషా వ్యవహర్తలు శాస్త్రజ్ఞుల కంటే ముందే గుర్తించారనడానికి ఇదొక నిదర్శనం.

అయితే ఈ భేదం అన్ని సందర్భాలలోనూ నిలుస్తుందా అన్నది ఆలోచించవలసిన విషయం. భారీ మంచు తుఫాను కురుస్తున్నప్పుడు ఇళ్లలో చిక్కుబడినవారు ఫోన్లలో, సందేశ బృందాలలో గంటల తరబడి సాగించే పిచ్చాపాటి ఇందుకు తగిన పరీక్షాస్థలం. పైకి అవి కేవలం కబుర్లు. పరిశీలిస్తే, ఆ కబుర్లు సాగుతూ ఉండటమే అందరికీ అవసరమైన కబురు. ఈ విషయాన్ని 2016 జనవరిలో అమెరికా తూర్పు తీరాన్ని, 2022 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరాన్ని ముంచెత్తిన తుఫానుల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందులోని ఉదాహరణ వాక్యాలు వివరణ కోసం వాడుక భాష ననుసరించి కూర్చినవి. అవి ఏ వ్యక్తుల సందేశాల నుంచీ స్వీకరించినవి కావు.

2. సైద్ధాంతిక నేపథ్యం

ట్రోబ్రియాండ్ దీవులలో క్షేత్ర పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినౌస్కీ 1923లో ‘ఫాటిక్ కమ్యూనియన్’ అనే భావనను ప్రతిపాదించాడు. కుశల ప్రశ్నలు, వాతావరణాన్ని గురించిన మాటలు, అందరికీ కనబడుతున్న విషయాన్నే మళ్లీ చెప్పడం వంటివి ఆలోచనను అందించడానికి ఉద్దేశించినవి కావనీ, మనుషుల మధ్య బంధాన్ని నెలకొల్పేవనీ ఆయన వివరించాడు. ఎదుటి మనిషి మౌనం సహజంగా భయం కలిగిస్తుందని, ఆ భయాన్ని తొలగించడం ఇటువంటి మాటల తొలి ప్రయోజనమని కూడా ఆయన పేర్కొన్నాడు. ఈ రెండవ అంశం మన చర్చకు కీలకం.

రోమన్ యాకబ్సన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో భాషకు ఆరు ప్రయోజనాలను చెబుతూ వాటిలో ఒకటిగా ఈ భావనను స్వీకరించాడు. అయితే ఆయన దృష్టి బంధం కంటే మార్గం మీద నిలిచింది. వక్తకు, శ్రోతకు నడుమ సంబంధ మార్గం తెరచి ఉందో లేదో పరీక్షించే మాటలన్నీ ఈ ప్రయోజనం కిందికి వస్తాయి. ఫోనులో ‘వినబడుతోందా?’ అనడం ఇందుకు సులభమైన ఉదాహరణ.

తెలుగులో పిచ్చాపాటి, లోకాభిరామాయణం, ముచ్చట్లు, ఊసులు, బాతాఖానీ వంటి పదాలు ఈ కోవకు చెందిన సంభాషణను సూచిస్తాయి. వీటిలో ముచ్చట్లు, ఊసులు ఆత్మీయతను ధ్వనింపజేస్తే, బాతాఖానీ కొంత నిరసనను ధ్వనింపజేస్తుంది. ‘సోది’, ‘సొల్లు’ అన్నప్పుడు ఆ నిరసన మరింత స్పష్టం. ఒకే రకమైన సంభాషణ పట్ల ఆదరణ, చులకన రెండూ మన పదజాలంలో పక్కపక్కనే ఉన్నాయి.

3. నిరీక్షణ కాల స్వభావం

అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ నిర్వచనం ప్రకారం గాలి వేగం లేదా తరచుగా వీచే ఈదర వేగం గంటకు 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్లు, లేదా అంతకు మించి ఉండి, కురిసే లేదా ఎగిసే మంచు వల్ల పావు మైలు దూరం కూడా కనబడని స్థితి కనీసం 3 గంటలు కొనసాగితే దానిని ‘బ్లిజార్డ్’ అంటారు. మంచు ఎంత పడిందన్నది ఈ నిర్వచనంలో భాగం కాదు. చూపు ఆగిపోవడం, కదలిక నిలిచిపోవడం దీని లక్షణాలు. కనుక సంభాషణను అధ్యయనం చేసేవారికి ఇది మనుషులు ఒకరికొకరు కనబడని స్థితి.

2016 జనవరి 22 నుంచి 24 వరకు సాగిన తుఫానులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాల మంచు కురిసింది. 1869 నుంచి అక్కడ నమోదైన తుఫానులలో ఇది అత్యధికం. బాల్టిమోర్ విమానాశ్రయంలో 29.2 అంగుళాలు నమోదైంది. శనివారం మధ్యాహ్నం నుంచి న్యూయార్క్ నగరంలో అత్యవసరం కాని వాహనాల రాకపోకలను నిషేధించారు. వాషింగ్టన్ మెట్రో రైళ్లు శని, ఆదివారాలు పూర్తిగా నిలిచిపోయాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే న్యూజెర్సీ, వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాలు ఈ తుఫాను దారిలోనే ఉన్నాయి.

భూకంపం వలె ఇది చెప్పకుండా రాలేదు. రోజుల ముందే హెచ్చరికలు వెలువడ్డాయి. అందువల్ల ఇటువంటి తుఫాను సంభాషణకు మూడు దశలు ఏర్పడతాయి. మొదటిది సన్నాహ దశ: పాలు, పెరుగు, కొవ్వొత్తులు, దుకాణాలలో ఖాళీ అయిన అరలు ఇందులోని విషయాలు. రెండవది కురిసే దశ: చేయడానికి పని లేదు, వెళ్లడానికి చోటు లేదు. మూడవది తొలగించే దశ: దారులు, వాహనాలు, నడుము నొప్పులు ఇందులోకి వస్తాయి. పిచ్చాపాటి పతాక స్థాయికి చేరేది రెండవ దశలోనే. మన పల్లెల్లో ముసురు పట్టినప్పుడు అరుగు మీద సాగే ముచ్చట్లకు, దీనికి స్వభావంలో పోలిక ఉంది. రెండింటిలోనూ తెరిపి కోసం ఎదురుచూపే సంభాషణకు చట్రం. అరుగు మీద మనుషులు ఎదురెదురుగా ఉంటారు; ఇక్కడ ఉండరు. ఈ భేదమే తుఫాను కబుర్ల నిర్మాణాన్ని నిర్ణయిస్తుంది.

4. ఆరంభం, ముగింపు లేని సంభాషణ

ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వీ శాక్స్ 1973లో సంభాషణల ముగింపును గురించి రాసిన వ్యాసంలో ఒక ముఖ్యమైన మినహాయింపును గుర్తించారు. ఒకే గదిలో ఉన్న కుటుంబ సభ్యులు, ఒకే కార్యాలయంలో పనిచేసేవారు, ఒకే వాహనంలో ప్రయాణించేవారు ఎప్పుడైనా మాట్లాడే అవకాశంలో నిరంతరం ఉంటారు. వారు మాట ఆపినప్పుడు వీడ్కోలు చెప్పరు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు పలకరించరు. నడుమ వచ్చే మౌనం సంభాషణకు ముగింపు కాదు, విరామం మాత్రమే.

తుఫాను వేళ సందేశ బృందం ఈ స్థితిని చేరుకొంటుంది. వేర్వేరు ఇళ్లలో ఉన్నవారు ఒకే వసారాలో కూర్చున్నవారి వలె ప్రవర్తిస్తారు. ‘నమస్కారం’ ఉండదు, ‘ఉంటాను మరి’ ఉండదు. ఉదాహరణకు:

‘వదినా, మీకు కరెంటు ఉందా?’
‘ఇప్పటిదాకా ఉందమ్మా. పప్పు పొయ్యి మీద పెట్టేశాను.’
‘మాకు రెండుసార్లు పోయి వచ్చింది.’
‘అన్నయ్య ఏడీ?’
‘మెట్ల మీద స్నో తీసి వస్తానన్నారు.’

ఇందులో చివరి వాక్యం గమనించదగినది. బయలుదేరేటప్పుడు ‘పోతాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనడం తెలుగువారి మర్యాద. సాధారణ సందర్భాలలో ఇది ఆచారంగా మిగిలిన మాట. తుఫాను వేళ ‘వస్తాను’కు దాని వాచ్యార్థం తిరిగి లభిస్తుంది. బయటికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చి మాట్లాడతాడన్న హామీగా అది నిలుస్తుంది. ఆ హామీ నెరవేరిందో లేదో చూసేవారు అవతల ఉన్నారు.

లిఖిత సంభాషణలో ప్రశ్న పక్కనే జవాబు ఉండాలన్న నియమం సడలుతుందని సుసాన్ హెరింగ్ 1999లో వివరించారు. ఒక ప్రశ్నకు జవాబు వచ్చేలోగా మరి నాలుగు విషయాలు చొరబడతాయి. అయినా సంభాషణ చెడకపోవడానికి పాల్గొనేవారి ఓర్పు కారణం. తుఫాను వేళ ఆ ఓర్పు అధికం, ఎందుకంటే ఎవరికీ తొందర లేదు.

5. ‘మీకెంత పడింది?’

తుఫాను కబుర్లలో అత్యధికంగా పునరావృతమయ్యే ప్రశ్న ఇది. ‘వాన ఎంత పడింది?’ అన్న వాక్య నిర్మాణం నుంచి కర్త లోపించి ఏర్పడిన ఈ ప్రశ్న తెలుగు పల్లెలకు కొత్తది కాదు. జవాబు సాధారణంగా అంకెలో రాదు. ‘కారు అద్దాల దాకా వచ్చింది’, ‘పిల్లవాడి నడుము దాకా ఉంది’, ‘పెరట్లో కుర్చీ కనబడటం లేదు’ వంటివి జవాబులు. ఇంటి వస్తువులే కొలమానాలవుతాయి. అడిగినవారికి ఆ అంకెతో పని లేదు గనుక యాకబ్సన్ దృష్టిలో ఇది మార్గాన్ని పరీక్షించే మాట.

కాని ఈ ప్రశ్నకు సమాచార విలువ లేదనుకోవడం పొరపాటు. 2016 తుఫానులో వాషింగ్టన్‌లోని రీగన్ జాతీయ విమానాశ్రయంలో కొలత కోసం ఉంచిన పలక మంచులోనే కూరుకుపోయింది. అక్కడ నమోదైన 17.8 అంగుళాల లెక్క మీద వివాదం రేగింది. యంత్రాలు, నిపుణులు ఉన్నచోటనే మంచును కొలవడం కష్టమని దీనివల్ల తెలుస్తుంది. 1998లో కొలరాడోలో మొదలైన ‘కోకోరాస్’ వంటి స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థలు తమ పెరట్లో పడిన వాన, మంచు కొలిచి పంపే సామాన్యుల మీదనే ఆధారపడి నడుస్తున్నాయి. ‘మీకెంత పడింది?’ అన్న పలకరింపును క్రమపద్ధతిలో నమోదు చేస్తే అది శాస్త్రానికి అవసరమైన దత్తాంశం అవుతుంది. కబుర్లు కబురుగా మారే తొలి సందర్భం ఇది.

6. ‘మంచు’ చాలని చోటు

తెలుగు ‘మంచు’ ఒకే పదం. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బిందువులు, దారిని కప్పే పొగలాంటి తెర, ఆకాశం నుంచి రాలే తెల్లని పొర అన్నీ మంచే. ఈ అర్థాలను తెలుగు నామపదంతో కంటే క్రియతో విడదీస్తుంది. ‘మంచు పట్టింది’, ‘మంచు కమ్మింది’ అంటే తెర. ‘మంచు కురిసింది’ అంటే సందర్భాన్ని బట్టి బిందువులు లేదా పొర. ‘గడ్డ’ చేరితే ఘనరూపం. నీహారం, తుషారం, తుహినం, హిమం వంటి సంస్కృత సమాలు కావ్యభాషలో ఉన్నా సంభాషణలోకి రాలేదు.

మంచు దేశాలలో ఈ భేదం ప్రాణావసరం. మెత్తని మంచు మీద నడవవచ్చు, గడ్డకట్టిన నీటి పొర మీద కాలు నిలవదు. అందువల్ల అమెరికా తెలుగువారి వాడుకలో ‘స్నో పడుతోంది’, ‘రోడ్డు మీద ఐస్ ఉంది, జాగ్రత్త’ వంటి వాక్యాలు స్థిరపడ్డాయి. దీనిని భాషా క్షీణతగా భావించనక్కరలేదు. నామపదాలు ఆంగ్లానివైనా ‘వాన పడుతోంది’ అన్న తెలుగు నిర్మాణం చెక్కుచెదరలేదు. ఇంటి నుంచి ఫోను చేసిన తల్లి ‘ఇంకా మంచు పడుతోందా?’ అని అడిగితే, కుమారుడు ‘స్నో తగ్గిందమ్మా, ఐసే ఉంది’ అని జవాబిచ్చినప్పుడు పది గంటల ముప్పై నిమిషాల కాలభేదంతో పాటు రెండు వాతావరణాల పదజాలం కూడా అక్కడ కలుసుకొంటుంది.

7. మౌనం అందించే కబురు

2022 డిసెంబరు 23న మొదలైన తుఫానులో బఫెలో నగరం 37 గంటల పాటు నిరంతరాయంగా బ్లిజార్డ్ స్థితిలో ఉండిపోయింది. అక్కడి విమానాశ్రయంలో 50 అంగుళాలకు పైగా మంచు నమోదైంది. అత్యవసర వాహనాలే మంచులో చిక్కుకొని, సహాయం చాలా ప్రాంతాలకు చేరలేకపోయింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా మరణించారు. వారిలో కొందరు వాహనాలలో, కొందరు ఆరుబయట, కొందరు వేడి లేని ఇళ్లలో ప్రాణాలు కోల్పోయారు. అధికారిక సహాయం చేరలేని ఆ గంటలలో సామాన్యులు సందేశ మాధ్యమాల ద్వారా ఒకరి అవసరాన్ని మరొకరికి తెలియజేసుకొని, సమీపంలో ఉన్నవారిని పంపించుకొన్నారు.

ఇటువంటి స్థితిలో పిచ్చాపాటి విలువ స్పష్టమవుతుంది. ఉదయం నుంచి వంటల గురించి, సినిమాల గురించి, పిల్లల అల్లరి గురించి మాట్లాడుతున్న మనిషి హఠాత్తుగా ఆగిపోతే అది గమనించదగిన సంఘటన అవుతుంది. కరెంటు పోయిందా, ఫోను ఆగిపోయిందా, మనిషికేమైనా అయిందా అన్న ప్రశ్నలు పుడతాయి. ముందుగా మాట ఉన్నచోటనే మౌనానికి అర్థం ఏర్పడుతుంది. ఎన్నడూ మాట్లాడని మనిషి మౌనాన్ని ఎవరూ గుర్తించరు. మలినౌస్కీ మౌనాన్ని భయహేతువుగా పేర్కొన్నది ఎదురుగా నిలిచిన అపరిచితుణ్ణి ఉద్దేశించి. ఇక్కడ భయం కలిగించేది కనబడని పరిచితుడి మౌనం.

దీనికి మరొక ముఖం కూడా ఉంది. ఒంటరిగా నివసించే వృద్ధులు, కొత్తగా వచ్చిన విద్యార్థులు, ఏ బృందంలోనూ లేనివారు ఈ కబుర్ల వలయానికి వెలుపల ఉంటారు. వారి మౌనం ఎవరికీ కబురు కాదు. పిచ్చాపాటిని భద్రతా సాధనంగా గుర్తించిన తరువాత, అది అందరికీ సమానంగా అందదని కూడా గుర్తించవలసి ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేటపడుతున్నాయి. ఒకటి, తుఫాను నిరీక్షణలో సమాచార ప్రయోజనం, సాంగత్య ప్రయోజనం విడిగా ఉండవు. ‘కరెంటు ఉందా?’ అన్న ప్రశ్న ఒకేసారి పలకరింపు, ఆరా. రెండు, పలకరింపులు, వీడ్కోళ్లు తొలగిపోవడం మర్యాదాలోపం కాదు. దూరంగా ఉన్నవారు ఒకే చోట ఉన్నట్లు ప్రవర్తిస్తున్నారనడానికి గుర్తు. మూడు, ప్రవాస తెలుగు వాడుకలో పదజాలం మారినచోట కూడా వాక్య నిర్మాణం, బంధువాచకాలు, ‘వస్తాను’ వంటి మర్యాదోక్తులు నిలిచి ఉన్నాయి.

తెలుగు భాషా పరిశోధనలో సాహిత్య భాషకు, మాండలికాలకు లభించిన స్థానం ఈ తరహా సంభాషణకు ఇంకా లభించవలసి ఉంది. పాల్గొన్నవారి అనుమతితో, పేర్లు తొలగించి, ఇటువంటి సంభాషణలను సేకరిస్తే ప్రవాస తెలుగు స్వరూపాన్ని గురించిన విలువైన ఆధారం సమకూరుతుంది. ఇక్కడి తుఫానుల వేళ తీరప్రాంత కుటుంబాల మధ్య సాగే సంభాషణలతో వాటిని పోల్చి చూడవచ్చు. ‘ఊరికే మాట్లాడుకున్నాం’ అని వ్యవహర్తలు తేలికగా చెప్పే చోటనే పరిశోధకులు ఆగి వినవలసి ఉంది. ఆ ఊరికే అన్న మాటల వల్లనే ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎవరి తలుపు తట్టి చూడాలో ఆ రాత్రి తెలిసింది.