లింకులు కొంటే కూడు రాదు

మొన్న సాయంత్రం మా వీధిలో నాకు అప్ప వరసయ్యే ఆవిడ షాపుకొచ్చింది. తగరపువలసలో నాది మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు బాగు చేసే చిన్న షాపు. మిక్సీ పట్టుకొచ్చిందేమో అనుకున్నాను. చేతిలో ఏటీ లేదు. "తమ్ముడూ, మావోడు కంప్యూటర్ల ఏదో కోర్సు నేర్సుకుంతాడట. పద్దెనిమిది వేలు కట్టాలట. కడితే ఇంట్ల కూకునే నెలకి లచ్చ రూపాయలు వస్తాయట. డ్వాక్రా లోను తీసి కట్టీద్దామనుకుంతన్నాను. నువ్వేటంటావు?" అని అడిగింది.

ఆవిడ పెనిమిటి చిట్టివలస జూట్ మిల్లులో పని చేసేవాడు. 2009లో మిల్లు మూతపడ్డాక ఆ ఇంటికి మళ్లీ గట్టి జీతం అన్నది రాలేదు. కొడుకు ఇంజినీరింగ్ చదివి రెండేళ్లయింది, ఉద్యోగం దొరకలేదు. అంచేత ఆ పద్దెనిమిది వేలు ఆవిడకి చిన్న డబ్బు కాదు. నన్నే ఎందుకు అడిగిందంటే, ఆరేళ్ల బట్టీ నేనూ ఒక వెబ్‌సైటు నడుపుతున్నాను. దాంట్లో నాకు ఏదో డబ్బు వస్తాదని వీధంతా తెలుసు. ఎంత వస్తాదో, ఎలగ వస్తాదో ఎవరికీ తెలీదు. కుర్రోడ్ని పంపమన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కోర్సులకి డబ్బు కట్టడానికి ఇంకెన్ని ఇళ్లల్లో లోన్లు తీస్తున్నారో అన్న బెంగ తప్ప వేరే ఉద్దేశం లేదు.

ముందు అఫిలియేట్ అంటే ఏటో చూద్దాం. కొత్త సంగతేం కాదు. మన దగ్గర స్థలం బేరం కుదిర్చినోడికి కమీషను ఇవ్వమా? అదే ఇది. మీరు మీ వెబ్‌సైట్లో ఒక మిక్సీ గురించి రాస్తారు. కింద దాన్ని అమ్మే ఆన్‌లైన్ షాపుకి లింకు పెడతారు. ఆ లింకులో మీ గుర్తు దాగి ఉంటాది. చదివినోళ్లు దాన్ని నొక్కి వెళ్లి కొంటే, కొన్న ధరలో ఇంత శాతం అని మీకు వస్తాది. కొన్నవాళ్లకి ధర పెరగదు. అమెజాన్ ఈ పద్ధతిని పుస్తకాలమ్మే రోజుల్లో, 1996లోనే పెట్టింది. మన దేశంలో ఆ షాపు 2013లో తెరిచారు. ఆ తరవాత ఇక్కడా ఈ కమీషను వ్యాపారం పెరిగింది.

షరతులు చాలా ఉన్నాయి. అమెజాన్ వరకూ చెప్పాలంటే, మీ లింకు నొక్కినోళ్లు 24 గంటల్లోపు కొనాలి, లేదా కనీసం బుట్టలో వేసుకోవాలి. మర్నాడు వేరే దారిలో వెళ్లి కొంటే మీకేమీ రాదు. సరుకు వెనక్కి ఇచ్చేస్తే కమీషనూ వెనక్కి పోతాది. వచ్చిన కమీషను బ్యాంకులో పడడానికి దగ్గర దగ్గర రెండు నెలలు పడతాది. మొదటి 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా లేకపోతే ఖాతా మూసేస్తారు. మీ లింకు మీదే మీరు కొనుక్కుంటే చెల్లదు. పాన్ నంబరు ఇవ్వాలి, పరిమితి దాటితే పన్ను ముందే కోసుకుంటారు.

కుర్రోడు "లచ్చ రావాలంటే ఎంతమంది చూడాలి మావయ్యా?" అన్నాడు. కాగితం మీద లెక్క వేశాం. వెయ్యి మంది పేజీ చదివారనుకుందాం. అందులో ఓ యాభై మంది లింకు నొక్కారు. వాళ్లలో ఇద్దరు కొన్నారు. నాలుగు వేల రూపాయల మిక్సీ, అయిదు శాతం కమీషను అనుకుంటే ఒక్కోదానికి రెండొందలు. అంటే వెయ్యి మంది చదివితే నాలుగొందలు. లక్ష రావాలంటే నెలకి రెండున్నర లక్షల మంది చదవాలి. ఇది ఉదాహరణకి వేసిన లెక్కే. సరుకుని బట్టి శాతం మారతాది, చాలా సరుకులకి అయిదు కూడా రాదు. కానీ లక్ష ఎంత దూరంలో ఉందో తెలియడానికి ఈ లెక్క చాలు.

మరి అంతమంది ఎక్కణ్ణుంచి వస్తారు? ఎక్కువమంది గూగుల్లో వెతికి వస్తారు. గూగుల్ ఎవర్ని పైన చూపిస్తాది, ఎవర్ని కింద పడేస్తాది అన్నదే అసలు కిటుకు. బ్యాక్‌లింకు సంగతి వచ్చేది ఇక్కడే.

ఊర్లో ఇల్లు కట్టుకుంటున్నాం, తాపీమేస్త్రి కావాలి. ఏం చేస్తాం? నలుగుర్ని అడుగుతాం. నలుగురూ ఒక్కడి పేరే చెబితే వాడి దగ్గరికి వెళ్తాం. ఆ నలుగుర్లో ఒకాయన స్వయంగా మంచి మేస్త్రి అయితే ఆయన మాటకి ఇంకా విలువిస్తాం. అడిగిన ప్రతోడికీ యాభై పేర్లు చెప్పేవాడి మాటని పెద్దగా పట్టించుకోం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు ఈ తెలివినే లెక్కగా మార్చారు. దాని పేరు పేజ్‌ర్యాంక్. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి లింకు ఉందంటే, మొదటిది రెండోదాని గురించి మంచిమాట చెప్పినట్టు. చెప్పిన పేజీకి ఎంత బరువుంటే ఆ మాటకి అంత బరువు. ఆ పేజీ ఎన్ని లింకులిస్తే ఆ బరువు అన్ని వాటాలవుతాది. వేరే సైట్ల నుంచి మన సైటుకి వచ్చే లింకులే బ్యాక్‌లింకులు. ఈ రోజు గూగుల్ ఇంకా చాలా విషయాలు చూస్తాది గానీ, లింకు చూడ్డం మానలేదు.

సాక్ష్యానికి విలువుందని తెలిస్తే దొంగ సాక్షులు పుట్టరేటి? పుట్టారు. వేల సైట్లు పెట్టి, ఇంత డబ్బుకి ఇన్ని లింకులు అని అమ్మడం మొదలెట్టారు. ఇందులో పడింది చిన్నోళ్లే కాదు. అమెరికాలో జె.సి. పెన్నీ అని పెద్ద బట్టల షాపుల కంపెనీ ఉంది. 2010 చివర్లో పండగ అమ్మకాల రోజుల్లో, గౌన్లని వెతికినా దుప్పట్లని వెతికినా గూగుల్లో మొదట ఆ కంపెనీయే వచ్చేది. దాని వెనక సంబంధం లేని సైట్లల్లో పెట్టించిన వేల లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. గూగుల్ ఆ కంపెనీని కిందికి తోసేసింది. మరుసటి ఏడు, 2012 ఏప్రిల్లో, పెంగ్విన్ అనే మార్పు తెచ్చి దొంగ లింకులున్న సైట్లని మూకుమ్మడిగా దించింది. 2016 నుంచి అలాంటి లింకుల్ని ఎప్పటికప్పుడు లెక్కలోంచి తీసేస్తోంది. అంటే డబ్బు మీది పోతాది, ఫలితం సున్నా.

కామెంట్లలో లింకులు పెట్టుకుంటూ పోతే సరిపోతాదని కొన్ని కోర్సుల్లో నేర్పుతున్నారు. ఆ దారి మూసి చాలా ఏళ్లయింది. 2005లోనే నోఫాలో అనే గుర్తు వచ్చింది. లింకు పక్కన ఆ గుర్తుంటే, 'ఈ లింకుకి మేం పూచీ కాదు' అని సైటువాళ్లు గూగుల్‌కి చెప్పినట్టు. వికీపీడియాలో మీ సైటు లింకు పెట్టినా ఆ గుర్తు తగిలే ఉంటాది. 2019లో ఇంకో రెండు గుర్తులు వచ్చాయి. ఒకటి డబ్బు తీసుకుని పెట్టిన లింకులకి, ఇంకోటి కామెంట్లలాగ చదివేవాళ్లు రాసిన వాటికి. అఫిలియేట్ లింకులకి కూడా ఆ డబ్బు గుర్తు పెట్టాలని గూగుల్ చెబుతాది.

ఇదంతా నాకు ముందే తెలుసని చెబితే అబద్ధం. సైటు పెట్టిన మొదటి ఏడు నేనూ లింకులు కొన్నాను. వెయ్యిన్నర రూపాయలకి రెండు వేల లింకులని ఎవడో ఆన్‌లైన్లో అమ్మితే ఆశపడ్డాను. నెల్లాళ్లు చదివేవాళ్లు కొంచెం పెరిగారు, సంబరపడ్డాను. ఆ తరవాత రోజుకి ఇద్దరు, ముగ్గురు. సెర్చ్ కన్సోల్ అని గూగుల్ ఉచితంగా ఇచ్చే పనిముట్టు ఒకటుంది. మనకి ఎవరెవరు లింకిచ్చారో అందులో కనిపిస్తాది. తెరిచి చూస్తే పేకాట సైట్లు, నాకు తెలీని భాషల సైట్లు. మిక్సీ బాగు చేసే నాకు పేకాటవాళ్లు సాక్ష్యమేటి? సిగ్గేసింది. ఎనిమిది నెలల పని బూడిదయింది.

ఇంక మూసేద్దామనుకున్నాను. అప్పుడో పండగ ముందు వారంలో ఆరు మిక్సీలు షాపుకొచ్చాయి. అన్నీ 'కాలిపోయాయి' అనే తెచ్చారు. నాలుగు కాలలేదు. పసుపు కొమ్ములో, కందిపొడో ఎక్కువ వేసి ఆపకుండా తిప్పితే మోటారు కాలిపోకుండా లోపలున్న స్విచ్ తన్నేస్తాది. చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటాది. ప్లగ్గు పీకి, కాసేపు చల్లారనిచ్చి, జారులో సరుకు తగ్గించి, ఆ బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతాది. అది నొక్కి యాభై రూపాయలు తీసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆ రాత్రి ఆ సంగతే తెలుగులో, ఫోటోలు తీసి, సైట్లో పెట్టీసాను. మా ఆవిడ "నీ కూట్లో నువ్వే మన్ను పోసుకుంతన్నావు" అంది.

కొన్నాళ్లకి ఒక వంటల సైటావిడ తన పచ్చళ్ల పేజీలో ఆ పేజీకి లింకిచ్చింది. నేను అడగలేదు, డబ్బివ్వలేదు. తరవాత ఒక స్కూలు మాస్టారు తన బ్లాగులో పెట్టారు. ఇంకెవరో ప్రశ్న అడిగితే దానికి జవాబుగా మరొకరు పెట్టారు. ఏడాదిలో వచ్చినవి పాతిక లింకులు కూడా లేవు. కానీ ఆ పాతిక, నేను కొన్న రెండు వేలు చెయ్యలేని పని చేశాయి. అందుకే వచ్చిన లింకు వేరు, కొన్న లింకు వేరు అంటాను. ఇరవై ఏళ్ల కిందట తెలుగు బ్లాగుల రోజుల్లో ఇదే జరిగేది. కూడలి, జల్లెడ లాంటి సంకలినుల్లో ఒకరివి ఒకరు చదివి, నచ్చితే లింకిచ్చుకునేవారు. బ్యాక్‌లింకు అన్న మాట ఎరక్కుండానే ఆ పని చేసేవారు.

మీకు నిజంగా తెలిసిందేటో అది రాయండి. ఇంకోడి సైటు చూసి 'పది మంచి మిక్సీలు' అని రాస్తే మీకు లింకెందుకివ్వాలి? అదే, కార్బన్ బ్రష్షులు ఎన్నాళ్లకి అరుగుతాయి, కప్లర్ విరిగితే ఏటి చెయ్యాలి, సముద్రం గాలికి భీమిలి వైపు ఇళ్లల్లో ఫ్యాన్లు ఎందుకు తొందరగా తుప్పు పడతాయి అని రాస్తే ఎవరికో పనికొస్తాది. మీ పేజీ పనికొచ్చే సైటువాళ్లకి పద్ధతిగా ఒక ఉత్తరం రాసి చెప్పడం తప్పు కాదు. 'నువ్వు నాకివ్వు, నేను నీకిస్తాను' అని బేరాలు పెట్టుకోవడం, ఒకే మాటలు గుచ్చి వంద సైట్లకి వ్యాసాలు పంచడం గూగుల్ నియమాల ప్రకారం తప్పే.

ఇంకో చిక్కు ఉంది, అది గూగుల్‌ది కాదు, మన మనసుది. ఎక్కువ ధర మిక్సీకి ఎక్కువ కమీషను. కానీ ఏది నా షాపుకి మళ్లీ మళ్లీ వస్తాదో నాకు తెలుసు. ఒకసారి అలాంటిదాన్నే మెచ్చుకుంటూ రాసి, రెండ్రోజులు నిద్ర పట్టక తీసేశాను. చదివేవాళ్లు మనల్ని నమ్మి కొంటారు. కమీషను వస్తాదని పేజీ మొదట్లోనే తెలుగులో స్పష్టంగా చెప్పాలి. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలిచ్చింది. 2023 జనవరిలో ఆన్‌లైన్లో సరుకుల్ని మెచ్చుకునేవాళ్ల కోసం విడిగా సూచనలొచ్చాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు.

అన్నీ సరిగ్గా చేసినా గ్యారంటీ లేదు. 2024 మార్చిలో గూగుల్ తన నియమాల్ని మళ్లీ బిగించింది. కుప్పలుతెప్పలుగా పనికిరాని పేజీలు పెట్టేవాళ్లనీ, పాత సైట్ల పేర్లు కొని వాటి మంచిపేరు వాడుకునేవాళ్లనీ పట్టుకుంటామంది. అదే ఏడు ఆగస్టులో మన దేశంలో కూడా గూగుల్ తనే పైన జవాబు రాసి చూపించడం మొదలెట్టింది. జవాబు అక్కడే దొరికితే మన సైటు దాకా ఎందుకొస్తారు? నా సైటుకి కూడా వచ్చేవాళ్లు తగ్గారు.

చివరికి కుర్రోడు అడగలేక అడిగాడు, "నీకెంతొస్తాది మావయ్యా?" ఫోన్ తెరిచి చూపించాను. మొదటిసారి వచ్చింది మూడొందల నలభై రూపాయలు. ఇప్పుడు మంచి నెలలో ఆరేడు వేలు, పండగ నెలల్లో ఇంకాస్త. చెడ్డ నెలలో కరెంటు బిల్లుకి సరిపోతాది. ఇల్లు గడిచేది షాపు మీదే. వాడి మొహం వాడిపోయింది. లచ్చ చూపిస్తాననుకున్నాడు కాబోలు.

"నువ్వు నేర్సుకోవద్దని కాదురా," అన్నాను. "నేర్చుకోడానికి గూగుల్ తన నియమాలన్నీ ఉచితంగానే పెట్టింది. కావాలంటే రోజూ సాయంత్రం వచ్చి నా దగ్గర కూకో. ఏదైనా ఉద్యోగం చూసుకుని, 222 బస్సెక్కి మధురవాడ వెళ్లి రా. మిగిలిన టైములో నీకు బాగా తెలిసింది ఒక్కటి రాయి. రెండేళ్లు ఓపిక పట్టు. డబ్బు కట్టించుకుని లచ్చ వస్తాదని చెప్పేవాడికి ఆ లచ్చ కోర్సు అమ్మితేనే వస్తాదేమో ఆలోచించు."

మర్నాడు వాళ్లమ్మ షాపు ముందు నుంచి వెళ్తూ ఆగింది. "కట్టమంతావా, మానమంతావా తమ్ముడూ?"

"కట్టకు అప్పా," అన్నాను. "ఆ లోను తియ్యకు."

సాయంత్రం కుర్రోడు షాపుకొచ్చాడు. స్టూలు జరిపి, బాగు చేస్తున్న మిక్సీ వాడి ముందు పెట్టాను.